మన ఇంటి మనిషి జైలుకెళ్తే: ఆఖరి మాట చెప్పే పెద్దలకి ఒక బహిరంగ లేఖ

నమస్కారం అండి.

ఇంట్లో ఒకరు జైల్లో ఉన్నా, జైలు నుంచి తిరిగొచ్చినా, ఆ మనిషి సంగతి ఏం చేద్దాం అని అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు కదా, అక్కడ ఆఖరి మాట ఎవరిదైతే వాళ్ళకి ఈ లేఖ. నాన్న కావచ్చు, పెదనాన్న కావచ్చు, మేనమామ కావచ్చు, కొన్ని ఇళ్ళల్లో నానమ్మ కావచ్చు. నేనొక చెల్లెల్ని. మా అన్నయ్య ఒక గొడవలో కొట్టిన దెబ్బకి ఒక మనిషి చనిపోయాడు. కేసు నడిచింది, శిక్ష పడింది, అన్నయ్య శిక్ష పూర్తి చేసుకుని బయటికొచ్చాడు. ఎవరి పేర్లూ రాయను, ఊరు కూడా రాయను, చనిపోయినాయన ఇంటివాళ్ళు ఇది చదివితే మళ్ళీ ఆ రోజు గుర్తుచేసినట్టు కాకూడదని.

అన్నయ్య అరెస్టయిన దగ్గర్నుంచి మావాళ్ళు రెండు పార్టీలైపోయారు. ఒక పార్టీ ఏమో వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు, మిగతా పిల్లల భవిష్యత్తు పాడైపోతుంది, వాడు లేడనుకోండి అన్నారు. ఇంకో పార్టీ ఏమో మనోడి తప్పేం లేదు, అవతలోడే రెచ్చగొట్టాడు, మన రక్తాన్ని మనం కాకపోతే ఎవరు కాపాడుకుంటారు అన్నారు. ఇద్దరూ చెప్పేది కుటుంబం కోసమే. ఇద్దరికీ మేమంటే ప్రేమే, అందులో నాకు డౌట్ లేదు. కానీ ఈ రెండు పార్టీల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా అన్నయ్యని ఏమీ అడగలేదు. అసలేం జరిగిందిరా అని గానీ, ఇప్పుడు నీ లోపల ఎలా ఉంది అని గానీ. ఒకళ్ళు ముందే తీర్పు చెప్పేశారు, ఇంకొకళ్ళు ముందే క్లీన్ చిట్ ఇచ్చేశారు.

ఆ టైంలోనే నేను జాన్ స్టైన్‌బెక్ రాసిన ది గ్రేప్స్ ఆఫ్ రాత్ చదివాను. 1939లో వచ్చిన అమెరికన్ నవల, మరుసటి ఏడాది పులిట్జర్ ప్రైజ్ వచ్చింది. అందరూ దాన్ని కరువు నవల అంటారు, వలస నవల అంటారు, నిజమే, ఓక్లహోమాలో కౌలు రైతులు అప్పులకీ ధూళి తుఫాన్లకీ ట్రాక్టర్లకీ భూమి పోగొట్టుకుని 66వ నంబర్ రోడ్డు పట్టుకుని కాలిఫోర్నియాకి పోయిన కథే అది. రాయడానికి ముందు 1936లోనే ఆయన ఆ వలస కూలీల క్యాంపులు తిరిగి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పేపర్‌కి వరసగా వ్యాసాలు రాశాడు, అందుకే ఆ డేరాలు, ఆ ఆకలి అంత నిజంగా ఉంటాయి. అయితే ఆ నవల మొదలయ్యేది ఒక మనిషి జైలు నుంచి ఇంటికి నడుచుకుంటూ రావడంతో. నాకు పట్టుకున్నది అక్కడ.

వాడి పేరు టామ్ జోడ్. ఒక డ్యాన్స్ దగ్గర తాగిన గొడవలో అవతలి మనిషి కత్తితో పొడిస్తే టామ్ పారతో తలమీద కొట్టాడు, ఆ మనిషి చనిపోయాడు. చనిపోయినవాడు హెర్బ్ టర్న్‌బుల్. టామ్‌కి ఏడేళ్ళు శిక్ష, మెకాలెస్టర్ జైల్లో నాలుగేళ్ళు ఉన్నాక పెరోల్ మీద, అంటే రాష్ట్రం దాటి పోకూడదు లాంటి షరతులు పెట్టి ముందుగానే వదిలారు. గేటు దగ్గరకి ఎవరూ రాలేదు, వస్తున్నట్టు ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ ఇంట్లో ఉత్తరాలు రాసే అలవాటున్న మనిషే లేరు, నాలుగేళ్ళలో అందినవి ఒకట్రెండు కార్డులు. అందులో నానమ్మ పంపిన క్రిస్మస్ కార్డు మీద యేసు మీద ఏదో పాట ఉంటే బ్యారక్‌లో అందరూ చదివి ఆ మాటలతోనే వాడికి పేరు పెట్టేశారు. ఎవరిదో లారీలో లిఫ్ట్ అడుక్కుని, మిగతా దూరం నడిచి ఇంటికొస్తే ఇల్లు ఖాళీగా ఉంది, ఒక మూల ట్రాక్టర్ గుద్దేసి పక్కకి ఒరిగి ఉంది. ఇంకొంచెం ఆలస్యమైతే ఇంటివాళ్ళందరూ ట్రక్కెక్కి వెళ్ళిపోయేవాళ్ళే.

పెదనాన్న ఇంటి దగ్గర అందర్నీ పట్టుకుంటాడు. అప్పుడు వాళ్ళ తాత ఒకలా మాట్లాడతాడు, అమ్మ ఒకలా మాట్లాడుతుంది, ఆ రెండూ పక్కపక్కనే పెట్టి చూడండి, మన ఇళ్ళల్లో జరిగేదంతా అక్కడుంది.

తాతకి పట్టలేనంత సంతోషం. జోడ్ వంశం మనిషిని జైల్లో ఎవడు ఆపగలడు అని ముందే చెప్పానుగా అంటాడు. చనిపోయిన హెర్బ్ తండ్రి, టామ్ బయటికొస్తే కాల్చేస్తానని, తనలో హ్యాట్‌ఫీల్డ్ రక్తం ఉందని అంటున్నాడట, దానికి తాత కబురు పంపాడు, జోడ్‌లతో పెట్టుకోకు, నాలో మెకాయ్ రక్తం ఉందేమో ఎవడికి తెలుసు అని. హ్యాట్‌ఫీల్డ్, మెకాయ్ అంటే వెస్ట్ వర్జీనియా, కెంటకీ సరిహద్దులో టగ్ ఫోర్క్ అనే ఏటికి ఆ పక్కా ఈ పక్కా ఉన్న రెండు కుటుంబాలు, 19వ శతాబ్దం చివర్లో ఏళ్ళ తరబడి ఒకళ్ళనొకళ్ళు చంపుకున్నారు. అమెరికాలో వంశ కక్షలకి అదే పెట్టింది పేరు. తాత నవ్వుతూ గర్వంగా అన్న మాటే అది. పుస్తకంలో ఆ పేజీ నవ్విస్తుంది కూడా. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ డైలాగ్ నేను మా వాళ్ళ నోటివెంట విన్నాను, కోర్టు బయట నిలబడి.

అమ్మ ఏం చేస్తుంది అంటే, మొదట వాడిని ముట్టుకుని చూస్తుంది, పారిపోయి రాలేదు కదా, దాక్కోవాల్సిన పని లేదు కదా అని అడుగుతుంది. తర్వాత కాసేపటికి అసలు ప్రశ్న అడుగుతుంది. జైల్లో నిన్ను బాగా హింస పెట్టారా, లోపల కోపం గడ్డకట్టిపోయి కసి మనిషివైపోయావా అని. ఎందుకడుగుతున్నానంటే నాకు ప్రెటీ బాయ్ ఫ్లాయిడ్ వాళ్ళమ్మ తెలుసు అంటుంది, ఆ పిల్లాడు ఏదో చిన్న తప్పు చేస్తే కొట్టారు, వాడికి కోపమొచ్చి ఇంకో తప్పు చేశాడు, మళ్ళీ కొట్టారు, అలా అలా చివరికి వాడిని మనిషిలా చూసేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, జంతువుని వేటాడినట్టు వేటాడారు. ఈ ఫ్లాయిడ్ నిజంగా ఉన్న మనిషే, బ్యాంకులు దోచినవాడు, జోడ్‌ల సాలిసా ఊరి పక్కన ఏకిన్స్‌లో పెరిగాడు, 1934 అక్టోబర్‌లో ఒహాయోలో పోలీసుల కాల్పుల్లో చనిపోతే శవాన్ని ఏకిన్స్‌కే తెచ్చి పూడ్చారు, వేలమంది వచ్చారు. అంటే ఆవిడ ఊరికే భయపడట్లేదు, పక్కింట్లో జరిగింది చూసి అడుగుతోంది. టామ్ కూడా నిజమే చెప్తాడు, మొదట్లో కొంచెం అలాగే అయ్యానమ్మా, ఇప్పుడు లేను అని.

మనవాళ్ళ వెంట నిలబడటం అంటే ఇదీ అని నాకు ఆ పేజీలో అర్థమైంది. ఆవిడ కొడుకుని వెలివేయలేదు, అలాగని నా కొడుకు బంగారం అని ఊరంతా చాటలేదు, దగ్గరికి పిలిచి కళ్ళలోకి చూసి అడిగింది, జవాబు ఏదైనా వినడానికి సిద్ధపడే అడిగింది. అడగడానికి చాలా ధైర్యం కావాలండి. వెలివేయడానికీ వెనకేసుకురావడానికీ అంత అక్కర్లేదు.

మా ఇంట్లో ఆ ధైర్యం మా అమ్మకి ఉంది. ఆవిడ ఈ నవల చదవలేదు. కేసు నడిచేటప్పుడు మా బంధువుల్లో ఒకాయన, చాలా మంచివాడే, మా కష్టంలో డబ్బు సాయం కూడా చేశాడు, ఆయన అన్నాడు, సాక్షితో మాట్లాడదాం, మాట మారిస్తే మనోడు బయటపడతాడు అని. ఇంట్లో అందరం అమ్మ వైపు చూశాం. వద్దు అంది. వాడు కొట్టాడని వాడే నాకు చెప్పాడు, ఇంక నేనెవరితో అబద్ధం చెప్పించాలి అంది. ఆ రోజు నుంచి ఆ పార్టీ వాళ్ళు కన్నతల్లే కొడుకుని పంపించేసింది అని మాట్లాడుకున్నారు. పంపించేసిన ఆవిడే ఒక్క ములాఖత్ కూడా మానలేదు, పేరు ఎత్తొద్దన్న పార్టీ కోపం కూడా ఆవిడే పడింది. ఇటు వాళ్ళకీ కానిదైంది, అటు వాళ్ళకీ కానిదైంది. ఇది రాయడానికి మెయిన్ కారణం ఆవిడే.

నవలతో నాకు గొడవ లేదని కాదు. తర్వాత కాలిఫోర్నియాలో సమ్మె గొడవలో తన స్నేహితుణ్ణి కళ్ళముందే చంపేస్తే టామ్ ఇంకో మనిషిని చంపుతాడు, అప్పుడు అమ్మ వాడిని దాస్తుంది. అక్కడ పోలీసులెవరు, తోటల ఓనర్ల మనుషులెవరు అనే తేడానే లేని పరిస్థితి, అది నాకు తెలుసు, అయినా నేనైతే దాచను, దాచమని మీకు చెప్పను. ఇంకోటి, టామ్ తను చేసింది తప్పనుకోడు, మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాను అంటాడు. మా అన్నయ్య అలా అనడు.

అన్నయ్యకి ఇంగ్లీష్ నవలలు చదివే అలవాటు లేదు. అందుకని నేను చదివిన ప్రతి చాప్టర్ కథని తెలుగులో ఉత్తరంగా రాసి పంపేదాన్ని, ఉత్తరాలు తెరిచి చదివాకే లోపలికి ఇస్తారు కాబట్టి అక్కడ చదివే ఉద్యోగికి కూడా ఆ కథ అంతా తెలిసే ఉంటుంది. అన్నయ్య జవాబుల్లో టామ్ గురించి పెద్దగా ఏమీ రాయలేదు. టామ్ వాళ్ళ తాత కబురు పంపిన చాప్టర్ రాసి పంపాక మాత్రం ఒక ప్రశ్న అడిగాడు. ఆ హెర్బ్ వాళ్ళ నాన్న తర్వాత ఏమయ్యాడు అని. నేను మొత్తం పుస్తకం అయిపోయేదాకా వెతికాను. జోడ్‌లు కాలిఫోర్నియాకి పోయాక టర్న్‌బుల్ వాళ్ళు మళ్ళీ కథలోకి రారు. కొడుకుని పోగొట్టుకున్న ఆ ముసలాయన, తుపాకీ మాటలు మాట్లాడినాయన, అక్కడే ఓక్లహోమా దుమ్ములో ఉండిపోయాడు. అదే రాసి పంపాను. దానికి అన్నయ్య, మన విషయంలో అలా వదిలేయకండి అని రాశాడు.

ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఇంట్లో చాలా రోజులు మాట్లాడుకున్నాం. చనిపోయినాయన ఇంటికి మేం నేరుగా వెళ్ళలేదు, వెళ్ళకూడదు కూడా, వాళ్ళ గుమ్మంలో మా మొహాలు చూడాల్సిన ఖర్మ వాళ్ళకేంటి. ఇరుపక్షాలకీ తెలిసిన ఒక పెద్దావిడ ద్వారా అడిగించాం, మీకు ఏ అవసరమైనా, లేదా మమ్మల్ని తిట్టాలన్నా సరే, మీరు పిలిస్తే వస్తాం, పిలవకపోతే రాము అని. రావద్దు అన్నారు. మేం వెళ్ళలేదు. అన్నయ్య బయటికొచ్చాక కూడా వాళ్ళు ఉండే వైపు వెళ్ళడు, ఆ వైపు పని దొరికినా వద్దంటాడు. మావాళ్ళు కొందరికి ఇది పిరికితనంలా కనిపిస్తోంది. వాళ్ళకి నేను చెప్పేది ఏంటంటే, మన ఇంటి మనిషి వెంట నిలబడటం అంటే అతను మోస్తున్న బరువుని కూడా ఒప్పుకుని నిలబడటం, ఆ బరువు అసలు లేదని వాదిస్తే మనం నిలబడింది అతని పక్కన కాదు, మన పరువు పక్కన.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. జైలుకెళ్ళిన మనిషి చేసిన నేరం ఇంట్లో వాళ్ళ మీదే అయితే, భార్యని కొట్టి వెళ్ళినా, పిల్లల్ని పాడుచేసి వెళ్ళినా, నేను పైన రాసిందేదీ ఆ భార్యకి, ఆ పిల్లలకి వర్తించదు. దయచేసి ఈ లేఖ చూపించి ఎవర్నీ ఒప్పించొద్దు. 2015 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి ఖైదీల విషయంలో పాటించాల్సిన నియమాల్ని కొత్తగా ఆమోదించింది, 27 ఏళ్ళు జైల్లో ఉన్న మనిషి పేరు పెట్టారు, నెల్సన్ మండేలా రూల్స్ అని. మొత్తం 122. అందులో 106వది ఖైదీకీ కుటుంబానికీ మధ్య సంబంధాలు నిలబడేలా చూడాలంటుంది, అయితే ఏ సంబంధాలు, ఇద్దరికీ మేలు చేసేవి. ఇద్దరికీ. ఆ నియమం రాసినవాళ్ళెవరో గానీ ఇళ్ళల్లో ఏం జరుగుతుందో తెలిసి రాశారు. దెబ్బలు తిన్న మనిషి నేను చూడను, నేను రానివ్వను అంటే ఇంటి పెద్దలు ఆ మనిషి పక్కన నిలబడాలి, అప్పుడు ఫ్యామిలీ అంటే ఆ మనిషే.

అలాంటిది కానప్పుడు మాత్రం వెళ్ళి చూడండి. వెళ్తే వాడికి అలుసైపోతుంది, నాలుగేళ్ళు ఎవరూ రాకపోతే బుద్ధొస్తుంది అని చాలామంది పెద్దలు నమ్ముతారు, మా నాన్న కూడా మొదట్లో అదే అన్నాడు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్ర జైళ్ళ శాఖ వాళ్ళు 2003 నుంచి 2007 మధ్య విడుదలైన 16,420 మంది రికార్డులు తీసి చూశారు, 2011లో రిపోర్ట్ ఇచ్చారు. లోపల ఉన్నప్పుడు ఎవరో ఒకరు వచ్చి కలిసినవాళ్ళకి మళ్ళీ పెద్ద నేరంలో శిక్ష పడే రిస్క్ 13 శాతం తగ్గింది. ఎవరు వచ్చారన్నది కూడా లెక్కేశారు. తోబుట్టువులు, తండ్రులు, అత్తింటివాళ్ళు, మత పెద్దలు వచ్చినప్పుడు మేలు ఎక్కువ కనిపించింది, విడాకులైన భార్యో భర్తో వచ్చినప్పుడు మాత్రం రిస్క్ పెరిగింది. నేను దీన్ని ప్రింట్ తీసి మా నాన్నకి ఇచ్చాను. ఆయన ఏమీ అనలేదు, పక్కన పెట్టేశాడు, కానీ తర్వాతి ములాఖత్‌కి అమ్మతో పాటు బయల్దేరాడు. లోపల ఇద్దరూ ఏం మాట్లాడుకోలేదట, ఉన్న టైం అంతా ఒకళ్ళకొకళ్ళు ఎదురుగా కూర్చున్నారట. మళ్ళీ నెల కూడా వెళ్ళాడు. మీ ఇంట్లో కూడా ఏం మాట్లాడాలో తెలీక వెళ్ళట్లేదేమో, మాటలు రాకపోయినా వెళ్ళొచ్చండి.

బయటికొచ్చాక పని సంగతి. జోడ్‌ల ఇంట్లో ట్రక్కు ఎక్కే ముందు రాత్రి ఒక మీటింగ్ జరుగుతుంది, నాకు మొత్తం నవల్లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. అప్పటికే పన్నెండు మంది ఉన్నారు, ట్రక్కులో చోటు లేదు, తిండికి డబ్బు లేదు. జిమ్ కేసీ అని ఒకప్పటి పాస్టర్ నేనూ రావచ్చా అని అడిగాడు, ఆయన వీళ్ళకి చుట్టమేం కాదు. తండ్రి లెక్కలేస్తాడు, ఇంకో మనిషిని మోయగలమా, తిండి పెట్టగలమా అని. అమ్మ అంటుంది, మోయగలమా అని అడక్కండి, మోస్తామా అని అడగండి, గలమా అంటే మనం ఏదీ చెయ్యలేం, కాలిఫోర్నియాకి వెళ్ళనూలేం. పదమూడోవాడిగా ఆయన ఎక్కుతాడు. తర్వాత ఒక క్యాంపులో డిప్యూటీ షెరీఫ్ అనే పోలీసాయనతో గొడవైతే, పెరోల్ తప్పించుకుని రాష్ట్రం దాటి వచ్చిన టామ్ దొరికిపోకుండా, నేరం అంతా తన మీదేసుకుని జైలుకెళ్ళేది ఆ చుట్టం కాని కేసీనే.

అన్నయ్యకి పని ఇవ్వమని మేం మొదట సొంత వ్యాపారాలున్న బంధువుల్నే అడిగాం. ఒకరు కస్టమర్లు ఏమనుకుంటారో అన్నారు, ఒకరు ఇప్పుడు కాదు తర్వాత చూద్దాం అన్నారు, మన రక్తం అని కోర్టు బయట గట్టిగా మాట్లాడినాయన అసలు ఫోన్ ఎత్తలేదు. పని ఇచ్చింది అన్నయ్యతో పాటు స్కూల్లో చదువుకున్నాయన, మాకేమీ కాడు. ఆయన అన్నయ్యని ఒకటే అడిగాడు, కోపమొస్తే ఏం చేస్తావు అని. బయటికెళ్ళిపోయి నడుస్తాను అన్నాడు అన్నయ్య. సరే అయితే కోపమొస్తే చెప్పకుండా బయటికెళ్ళిపో, నేనేం అనుకోను అన్నాడాయన. ఇప్పటికీ పనిలో ఉన్నాడు. పెద్దలకి నేను అడిగేది, మీ చేతిలో ఒక ఉద్యోగం ఉండి, ఇంట్లో అలాంటి మనిషి ఉంటే, ఇవ్వగలమా అనే లెక్క దగ్గరే ఆగిపోవద్దు. ఇవ్వలేకపోతే ఇవ్వలేం అని మొహం మీద చెప్పండి, ఫోన్ మాత్రం ఎత్తండి.

చాలామంది ఈ నవల్లో అమ్మ గురించి చెప్పేటప్పుడు ఆవిడ జాకీ రాడ్ పట్టుకుని కుటుంబం విడిపోకుండా ఎదురుతిరిగిన సీన్ చెప్తారు. తోడుగా వస్తున్న ఇంకో కుటుంబం కారు చెడిపోతే టామ్, కేసీ వెనక ఉండి బాగుచేసుకుని వస్తాం మీరు ముందు వెళ్ళండి అంటే ఆవిడ ఒప్పుకోదు, మనకి మిగిలిందే మనం ఒకచోట ఉండటం అంటుంది. గొప్ప సీనే. కానీ ఆవిడ ఎంత పట్టుకున్నా కుటుంబం నిలవదు. తాత దారిలోనే పోతాడు, ఖర్చు పెట్టుకోలేక రోడ్డు పక్కనే పాతిపెట్టి ఎవరో తెలిసేలా చీటీ రాసి సీసాలో పెడతారు. నానమ్మ ఎడారి దాటుతుంటే పోతుంది, చెక్‌పోస్ట్ దగ్గర ఆపేస్తారని అమ్మ రాత్రంతా ఆ శవం పక్కనే పడుకుని ఎవరికీ చెప్పదు. పెద్దకొడుకు నది వెంట నడుచుకుంటూ వెళ్ళిపోతాడు, అల్లుడు గర్భంతో ఉన్న భార్యని వదిలి పోతాడు. చివర్లో ఆ కూతురికి పుట్టిన బిడ్డ చనిపోయే పుట్టింది, కాన్పులో సాయం చేసిన పక్కింటావిడకి థ్యాంక్స్ చెప్తూ అమ్మ అంటుంది, ఇదివరకు ముందు మన కుటుంబం అనుకునేవాళ్ళం, ఇప్పుడలా లేదు, ఇప్పుడు ఎవరైనా సరే, మన స్థితి దిగజారే కొద్దీ మనం చెయ్యాల్సింది పెరుగుతుంది అని. ఆ తర్వాత ఆ కూతురే ఒక పాకలో ఆకలితో చావబోతున్న ముక్కూమొహం తెలీని మనిషికి తన పాలు పట్టి బతికిస్తుంది. ఆ ముగింపు అప్పట్లో చాలామందికి నచ్చలేదు. కాలిఫోర్నియాలో కథ జరిగే కెర్న్ కౌంటీలోనే 1939లో లైబ్రరీల నుంచి, బడుల నుంచి పుస్తకాన్ని తీసేయించారు.

మా అమ్మ విషయంలో నేను చూసింది అచ్చంగా ఇదే. బంధువుల ఫంక్షన్లకి పిలుపులు తగ్గిపోయిన ఆ ఏళ్ళల్లో ఆవిడకి ములాఖత్ వెయిటింగ్ హాల్లో వేరే మనుషులు దొరికారు. ఫారం నింపడం రానివాళ్ళకి నింపిపెట్టేది, ఏ ఐడీ కార్డు తేవాలో మొదటిసారి వచ్చినవాళ్ళకి ఫోన్ చేసి చెప్పేది. ఒకసారి చాలా దూరం నుంచి వచ్చిన ముసలాయనకి, కొడుకుని వేరే జైలుకి మార్చేశారని అక్కడికొచ్చాకే తెలిసింది, అమ్మ ఆయనతో పాటు కౌంటర్లన్నీ తిరిగి, ఏ జైలో, అక్కడ ఏ రోజుల్లో చూడనిస్తారో కనుక్కుని కాగితం మీద రాయించి ఇచ్చింది. అన్నయ్య బయటికొచ్చాక ఇంక అమ్మకి అక్కడ పనేం లేదు కదా, అయినా ఆ నంబర్ల నుంచి ఇప్పటికీ ఫోన్లు వస్తాయి, ఆవిడ ఎత్తుతుంది. ఒక కొడుకు కోసం నిలబడటం మొదలుపెట్టిన మనిషి అక్కడితో ఆగలేదు. మన వాళ్ళు మన వాళ్ళు అని గట్టిగా అనేవాళ్ళలో చాలామంది గుమ్మం దగ్గరే ఆగిపోవడం చూశాక, నాకు ఇప్పుడు అలాంటి ప్రేమ మీద పెద్దగా నమ్మకం లేదు.

ఇంక ఒక్కటి, పిల్లల గురించి. మా ఇంట్లో పిల్లలకి అన్నయ్య వేరే దేశంలో ఉద్యోగం చేస్తున్నాడని చెప్పారు. ఎవరు చెప్పమన్నారో తెలీదు, అందరూ అదే పట్టుకున్నారు. జోడ్‌ల చిన్నపిల్ల రూతీ కూడా ఇంటి రహస్యం మొయ్యలేకపోయింది, తోటి పిల్లలతో కొట్లాటలో మా అన్నయ్య మనిషిని చంపి దాక్కున్నాడు అని అరిచేసింది, దాంతోనే టామ్ ఇల్లు విడిచి వెళ్ళాల్సొచ్చింది. అది పిల్ల తప్పనుకోను నేను, అంత పెద్ద విషయం ఆ వయసు మీద పెడితే ఇంకేమవుతుంది. మీరు పిల్లలకి అబద్ధం చెప్తే ఒకరోజు వాళ్ళకి బయట ఎవరో నిజం చెప్తారు, ఎలా చెప్తారో మన చేతిలో ఉండదు.

మా అక్క ఒప్పుకున్నాక వాళ్ళ అబ్బాయికి నేనే చెప్పాను, వాడికి అర్థమయ్యే మాటల్లో, మామయ్య ఒకాయన్ని కోపంలో కొట్టాడు, ఆయన చనిపోయాడు, అందుకు జైల్లో ఉన్నాడు, ఇప్పుడు వచ్చేశాడు అని. వాడు కాసేపు ఆగి మామయ్య మళ్ళీ కొడతాడా అన్నాడు. పెద్దవాళ్ళం ఇన్నేళ్ళూ చుట్టూ తిరిగి తిరిగి అడగని ప్రశ్న. నాకు తెలీదు, మామయ్యనే అడుగు అన్నాను. అడిగాడు. అన్నయ్య వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, కొట్టకూడదని రోజూ అనుకుంటాను, కోపమొస్తే బయటికెళ్ళిపోతాను, నేను అలా వెళ్ళడం నువ్వు చూస్తే భయపడకు అని చెప్పాడు. ఇప్పుడు అన్నయ్య ఎప్పుడైనా లేచి బయటికెళ్తే వాడు మిగతావాళ్ళకి చెప్తాడు, మామయ్య నడవడానికి వెళ్ళాడు, వస్తాడు అని.

మీ ఇంటి మనిషి విడుదల తేదీ దగ్గరపడుతుంటే, గేటు దగ్గరకి ఎవరు వెళ్తారో ముందే అనుకోండి. ఆ రోజు టైం మారొచ్చు, పొద్దున వదులుతామన్నవాళ్ళు సాయంత్రం దాకా వదలకపోవచ్చు, కాబట్టి రోజంతా ఖాళీ పెట్టుకుని వెళ్ళే మనిషిని పంపండి. కుదిరితే మీరే వెళ్ళండి.

ఇట్లు,
ఒక చెల్లెలు